ఎడమకు తిరిగిన అంచు

మా మామయ్య పందొమ్మిదేళ్ళుగా వాళ్ళమ్మ అల్లిన బుట్ట మీద దుమ్ము తుడుస్తున్నాడు. బుట్ట మీద అంటే బుట్ట మీద కాదు, దాని చుట్టూ ఉన్న అద్దం మీద. అద్దాల పెట్టె తాళంచెవి ఆయన చేతికి ఇవ్వరు. మ్యూజియం రెండో అంతస్తులో, కొండజాతుల గదిలో, పదకొండు పెట్టెలున్నాయి. బుట్ట ఉన్నది తొమ్మిదో పెట్టెలో. తలుపులు తెరవకముందు తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. బడిపిల్లలు ముక్కులు ఆనించి చూసి వెళ్ళాక మళ్ళీ ఒకసారి. అక్కడ అందరూ ఆయన్ని 'పెద్దాయనా' అంటారు. పనిలో చేరేనాటికి ముప్పై నాలుగేళ్ళు, అప్పుడూ పెద్దాయనే. పేరు అడగాల్సిన పని తప్పుతుంది కదా.

చేరిన మూడో రోజే ఆ బుట్టను గుర్తుపట్టాడు. మా వాళ్ళలో ఎవరు బుట్ట అల్లినా, చివర అంచు కట్టేటప్పుడు వెదురుబద్దను కుడివైపుకు చుట్టుకుంటూ పోతారు. ఈ ఒక్క బుట్టకే కట్టు ఎడమవైపుకు తిరిగి ఉంది. మా కొండ మీద అలా కట్టిన మనిషి ఒక్కతే. మా అమ్మమ్మ.

అడవికి కంచె వేసిన కొత్తలో ఆవిడ వెదురు కోస్తుంటే గార్డు పట్టుకుని కుడి మణికట్టు మీద కర్రతో కొట్టాడు. ఎముక వంకరగా అతుక్కుంది. మూడు వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. బుట్ట అల్లకపోతే పొయ్యి వెలగదు కాబట్టి ఎడమచేత్తో నేర్చుకుంది. కుడిచెయ్యి పట్టుకోలేనిదాన్ని పళ్ళతో పట్టుకునేది. "వదినా, నీ బుట్టలో గింజలు పోస్తే అవి కూడా వెనక్కి నడుస్తాయేమో చూసుకో" అని తోటి ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళట. "నడవనీ, మీ ఇంటి నుంచి మా ఇంటికేగా" అనేదట.

ఆ రోజుల్లోనే ఒక ప్రొఫెసరు కొండెక్కి వచ్చి, నాలుగు రోజులుండి, గుర్తుగా ఒక బుట్ట పట్టుకెళ్ళాడు. అది అమ్మమ్మది. తర్వాత కొండ మాది కాదన్నారు. ఊరి చివర రేకుల ఇళ్ళలోకి దించారు. ప్రొఫెసరు పుస్తకం రాశాడు. బుట్ట మాకంటే ముందే ఊళ్ళోకి వచ్చి మాకంటే మంచి ఇంట్లో ఉంది.

మామయ్యకు చదువు రాదు. నేను ఎనిమిదో తరగతి తప్పి, చేతికి దొరికిన కాగితమల్లా చదివే రోజుల్లో, పెట్టె పక్కన అతికించిన అట్ట మీదిది ఆయనకు చదివి వినిపించాను.

'ఈ తెగవారు బుట్ట అంచును ఎడమవైపుకు కడతారు. మరణించినవారు ఆ దిక్కుగా ప్రయాణిస్తారని వీరి విశ్వాసం. తయారుచేసినవారి వివరాలు తెలియవు.'

మామయ్య చాలాసేపు నవ్వాడు. "విరిగిన చేతికి ఇంత అర్థం చెప్పారా! మీ అమ్మమ్మ వింటే మురిసిపోయేదిరా" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో నవ్వులాటై కూర్చుంది. ఎవరైనా చొక్కా తిరగేసి తొడుక్కున్నా, చెప్పులు అటూ ఇటూ వేసుకున్నా, "ఏం, చచ్చినవాళ్ళ దిక్కుగా బయల్దేరావా?" అనేది మా అత్తయ్య.

పోయిన ఏడు ఆ నవ్వులాట మా మరదలి మెడకు చుట్టుకుంది.

ఆమె మామయ్యకు ఒక్కతే కూతురు. నర్సు కోర్సులో సీటు వచ్చింది. కొండజాతి పిల్ల అని ధ్రువపత్రం తెస్తేనే చేర్చుకుంటామన్నారు. పత్రం ఇవ్వడానికి ముగ్గురు పెద్దమనుషుల కమిటీ ఉంది. వాళ్ళ ముందు కూర్చుని వచ్చాక జరిగింది చెప్పింది.

"ముగ్గురూ మంచిగానే ఉన్నారు బావా. కూర్చోమన్నారు, ఫ్యాను కూడా వేశారు. ఒకాయన దగ్గర లావు పుస్తకం ఉంది. 'మీవాళ్ళు బుట్ట అంచు ఎటు కడతారమ్మా?' అన్నాడు. 'ఇటు' అని చేత్తో కుడివైపు చూపించా. ఆయన పుస్తకం చూసుకుని, పక్కాయన చెవిలో ఏదో అని, 'సరిగ్గా గుర్తు తెచ్చుకో తల్లీ' అన్నాడు. గుర్తు తెచ్చుకోవడానికేముంది? మొన్నేగా అమ్మ పక్కన కూర్చుని రెండు కట్టా. మళ్ళీ 'ఇటే' అన్నా."

"ఏ పుస్తకం?" అన్నాను. అట్ట రంగు చెప్పింది. మ్యూజియంలో గుమ్మం పక్కన బల్ల మీద పెట్టేది అదే. ప్రొఫెసరుది. బుట్ట పక్కన రాసిన మాటలన్నీ అందులోవే.

వారానికి ఉత్తరం వచ్చింది. తెగ ఆచారాల మీద తగిన పరిజ్ఞానం లేనందున అభ్యర్థి ఆ తెగకు చెందినట్లు నిర్ధారించలేమట. ఇరవై రోజుల్లో ఇంకొక్కసారి మాత్రం విచారణ కోరవచ్చట. సీటు గడువు కూడా అంతే.

అత్తయ్య ఆ ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇల్లు అద్దెకడిగితే మన మొహం చూడగానే కొండోళ్ళని పోల్చేస్తారు. సీటడిగితే మాత్రం పోల్చుకోలేరు" అంది.

మర్నాడు మామయ్య మ్యూజియం అధికారి గదికి వెళ్ళాడు. నోరు విప్పనని ఒట్టు వేయించుకుని నన్ను తోడు తీసుకెళ్ళాడు. అన్నేళ్ళలో ఆ గదిని ఊడవడానికి తప్ప మాట్లాడటానికి వెళ్ళడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. కుర్చీ వీపు మీద ఉన్న మరకను గుడ్డతో తుడిచి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

అంతా చెప్పాడు. అధికారి చెడ్డవాడు కాదు. మధ్యలో ఫోను మోగితే ఎత్తకుండా పక్కన పెట్టాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు పెద్దాయనా. కానీ ఆధారం ఉండాలి కదా."

"మా అమ్మేనండి ఆధారం."

"ఉన్నారా ఆవిడ?"

"పోయిందండి."

"చెయ్యి విరిగినట్టు ఆసుపత్రి కాగితం గానీ, ఫిర్యాదు కాగితం గానీ..."

"విరగ్గొట్టినవాళ్ళు రసీదు ఇవ్వలేదండి."

అధికారి నవ్వబోయి ఆపుకున్నాడు. "చూడండి, ఆ పుస్తకం మూడు భాషల్లో ఉంది. రాసినాయన పోయారు. మార్చాలంటే నిపుణుల సంఘం ముందుకు వెళ్ళాలి. అది కూర్చునేది ఏడాదికోసారి. పోనీ, మీవాళ్ళు అల్లిన వేరే బుట్టలేమైనా ఉంటే తెండి, చూద్దాం."

మామయ్య ఆశపడ్డాడు. ఆ వారమంతా మా రేకుల ఇళ్ళన్నీ తిరిగి, నలుగురు ముసలివాళ్ళ దగ్గర నాలుగు బుట్టలు తెచ్చాడు. నాలుగింటికీ అంచు కుడివైపే. ఒకావిడ చూపు పోయినా అల్లుతూనే ఉంది. "తమ్ముడూ, జాగ్రత్తగా పట్టుకెళ్ళు. నా బుట్ట ఆఫీసుకు పోవడం ఇదే మొదలు" అని గుడ్డ చుట్టి ఇచ్చింది.

అధికారి నాలుగింటినీ బల్ల మీద పెట్టించి, చేతులకు తొడుగులు వేసుకుని మరీ చూశాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

"ప్రొఫెసరు గారు దీన్ని అప్పుడే ఊహించారండీ. ఇదిగో, రాశారు. 'పట్టణాల ప్రభావంతో ఈ తెగ తన అసలు పద్ధతిని మరిచిపోయే ప్రమాదముంది.' ఇవి ఆ మరిచిపోయినవే."

నేను ఒట్టు తప్పాను. "మా ముసలమ్మలు వాళ్ళ సొంత పని మరిచిపోయారా? నాలుగు రోజులు ఉండి వచ్చినాయనకే గుర్తుందా?" అన్నాను. ఇంకా చాలా అనేవాణ్ణి. మామయ్య నా మోచెయ్యి పట్టుకుని, నాలుగు బుట్టలూ ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని, "వస్తామండి" అని అధికారికి చెప్పి, నన్ను మెట్ల మీదికి లాక్కొచ్చాడు.

మెట్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడ కూర్చోడు. ఆయన తుడిచే మెట్లే.

"ఇంకెన్ని రోజులుంది?" అన్నాడు.

"పదకొండు."

ఆ సోమవారం మ్యూజియానికి సెలవు. మామయ్య పొద్దున్నే వెదురు చీల్చి, బద్దలు నీళ్ళలో నానేసి, కూతుర్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. బద్దను ఎడమచేతికి ఇచ్చాడు.

"ఇటు కట్టు."

"అటా? ఏంటి నాన్నా, చచ్చినవాళ్ళ దిక్కుగానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకు ఒళ్ళు మండింది. "అబద్ధం నేర్పుతున్నావా మామయ్యా? రేపు ఈ పిల్ల చేతులు చూసి వాళ్ళు ఆ పుస్తకమే నిజమంటారు. అమ్మమ్మని కొట్టిన దెబ్బ ఆచారమై కూర్చుంటుంది. కోర్టుకు వెళ్దాం. నేను రాస్తాను."

"రాయరా. బాగా రాస్తావు. ఎన్నాళ్ళకు తేలుతుంది?"

"ఏళ్ళు పట్టొచ్చు" అన్నాను.

"పది రోజుల్లో తేలేదేమైనా ఉంటే చెప్పు, అదే చేద్దాం."

మరదలు బద్ద వంక చూసుకుంటూ అంది: "బావా, నువ్వు కోపం తెచ్చుకుంటూ ఉండు. నేను అల్లుకుంటూ ఉంటా. ఇద్దరిలో ఎవరి పని ముందవుతుందో చూద్దాం."

అలవాటులేని చెయ్యి కాబట్టి బద్ద జారిపోయేది. వేళ్ళు కోసుకుంది. నాలుగో రోజు మామయ్య కాసేపు కళ్ళు మూసుకుని, "అమ్మ ఇలా పట్టుకునేది" అని బద్ద చివరను పళ్ళ మధ్య పెట్టి, తల పక్కకు వంచి చూపించాడు. నేను అమ్మమ్మను చూడలేదు. కానీ అత్తయ్య చేస్తున్న పని ఆపి, గోడకు చేరబడి, "అచ్చం అత్తే" అంది. ఆ రోజు నుంచి అల్లిక జారలేదు.

విచారణ రోజు నేనూ మామయ్యా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మాటిమాటికీ చెయ్యి జేబులోకి పోతోంది, తుడుపుగుడ్డ కోసం. గంటకు మరదలు బయటకు వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు.

"ఇస్తామన్నారు. గడువులోపే" అంది.

మామయ్య ఊపిరి వదిలాడు. నేను ఏమడిగారని అడిగాను.

"ఏమీ అడగలేదు. అల్లి చూపించమన్నారు. అంచు కడుతుంటే పుస్తకం ఆయన లేచి దగ్గరికొచ్చాడు బావా. 'పళ్ళతో పట్టుకోవడం చూశారా? ఇది పుస్తకంలో కూడా లేదు! చాలా ప్రాచీనమైన పద్ధతి' అని ఒకటే సంబరం. ఫోనులో తీసుకున్నాడు. ఎవరు నేర్పారమ్మా అంటే, నానమ్మ అన్నా." కాస్త ఆగి, "అది అబద్ధం కాదుగా" అంది.

ఆమె చేతి వేళ్ళకు ఇంకా పట్టీలున్నాయి.

ఇప్పుడు ఆమె నర్సు కోర్సు రెండో సంవత్సరంలో ఉంది. ఇంటికి వచ్చినప్పుడు అత్తయ్యతో కూర్చుని అల్లితే చెయ్యి కుడికే పోతుంది. కానీ మా రేకుల ఇళ్ళలో ధ్రువపత్రం కావాల్సిన ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ సోమవారం పొద్దున మామయ్య దగ్గరికి వస్తున్నారు. ఆయన ఎడమచేతికి బద్ద ఇస్తాడు. పళ్ళతో పట్టుకోవడం చూపిస్తాడు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, మణికట్టు సంగతి మొదటినుంచీ చెబుతాడు. చెప్పి, "ఇది మాత్రం అక్కడ చెప్పకండి" అంటాడు. చూపులేని ముసలావిడ ఇదంతా విని, "నేనూ నేర్చుకోవాలా తమ్ముడూ? ఈ వయసులో నన్నెవరడుగుతారులే" అందట.

పోయిన నెలలో మ్యూజియంలో అట్ట మార్చారు. మామయ్య కబురు చేస్తే వెళ్ళి చదివాను. పాత వాక్యాలన్నీ అలాగే ఉన్నాయి. కింద ఒకటి చేరింది: 'అల్లేటప్పుడు బద్దను దంతాలతో పట్టుకోవడం వీరి ప్రాచీన పద్ధతి.'

"చెయ్యి సంగతి?" అన్నాడు మామయ్య.

"లేదు."

ఆయన తడిగుడ్డ పిండుకున్నాడు. "పళ్ళ దాకా వచ్చారుగా. చెయ్యి దాకా రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పడుతుందేమో" అని, అద్దం మీద నా వేలు ఆనిన చోట తుడిచి, బకెట్టు పదో పెట్టె దగ్గరికి జరిపాడు.