మూడు చెంచాల పొడి

తర్లుపాడు దగ్గరి పల్లెలో సౌభాగ్యమ్మకు మెతక మనిషని పేరు. మిరపకోతల్లో మేస్త్రి కసిరినా నవ్వి ఊరుకునేది. భర్త ఏలీయాతోపాటే ఆ నవ్వూ పోయింది.

ఏలీయాకు ఆరేళ్లుగా షుగరు. సర్కారు ఆస్పత్రి మాత్రలతో నిలకడగానే ఉండేవాడు. పోయిన వేసవిలో దోర్నాల సెంటర్లో మాలకొండయ్య అనే అతని దగ్గర అడవి వేర్ల పొడి కొన్నాడు. రోజుకు మూడు చెంచాలు తినాలన్నాడు మాలకొండయ్య.

"మాత్రతోపాటు వేసుకోవచ్చా అన్నా?" అని సౌభాగ్యమ్మ అడిగింది.

"ఆకులూ వేర్లే గదమ్మా! చంటిబిడ్డ తిన్నా ఏం కాదు" అన్నాడతను.

తొమ్మిదోరోజు ఏలీయా చేలో చెమటలు కక్కి, వణికి, కూలిపోయాడు. మార్కాపురం ఆస్పత్రిలో చేర్చినా కళ్లు తెరవలేదు. మూడోరోజు ప్రాణం పోయింది.

పొట్లం చూసి డాక్టరు తలపట్టుకున్నాడు. "ఇట్లాంటి పొడుల్లో షుగరు మాత్రలే నూరి కలుపుతుంటారమ్మా. దానిమీద మన మాత్ర కూడా పడితే షుగరు ఒక్కసారిగా పడిపోద్ది."

సమాధి కార్యక్రమం అయ్యాక పాస్టరుగారు ఓదార్చారు. "పగ దేవునికి వదిలెయ్యి తల్లీ."

"దేవుడు చూసేలోపల వాడింకెంతమందిని పూడుస్తాడయ్యా?"

మర్నాడే పొట్లం తీసుకుని మందుల తనిఖీ అధికారి దగ్గరికి వెళ్లింది. మాలకొండయ్య మళ్లీ దోర్నాల సెంటర్లో కనబడేసరికి కార్తీకం వచ్చింది. ఆ కార్తీక సోమవారం, శ్రీశైలం యాత్రికుల రద్దీలో, అధికారి మామూలు యాత్రికుడిలా వెనక నిలబడ్డాడు. ఆమె మాలకొండయ్య ఎదుటికి పోయింది.

"అన్నా, నీ పొడి మూడు చెంచాలు తిను. నేను చూస్తా."

"నాకు షుగరు లేదు గదమ్మా" అని నవ్వాడు.

"చంటిబిడ్డ తిన్నా ఏం కాదంటివే! ఏలీయా తిని పోయినాడు. ఇప్పుడు నువ్వు తిను!"

చుట్టూ మూగిన జనం చూస్తుండగా అతను చెంచా నోటిదాకా తెచ్చాడు. మింగాలి, మింగి పడిపోవాలి అని ఆమె మనసంతా కోరుకుంది. అతను చెంచా విసిరేసి సంచి సర్దబోయాడు. అధికారి అతని చెయ్యి పట్టుకున్నాడు.

పరీక్షలో షుగరు మాత్రల మందే తేలింది. కేసయింది. అతని భార్య నాగవేణి వచ్చి కాళ్లమీద పడింది. "పిల్లల మొహం చూసి కేసు వదిలెయ్యక్కా!"

"నీ మొగుడు జైలుకు పోయినా తిరిగొస్తాడు. నా మొగుడెట్ల వస్తాడు?" అని సౌభాగ్యమ్మ తలుపేసుకుంది.

ఇప్పటికీ ప్రతి వాయిదాకూ పని మానుకుని బస్సెక్కుతుంది. కోర్టులో అతని ఎదురుగా కూర్చుంటుంది. అతను తల దించుకునేదాకా చూపు తిప్పదు. ఆ పూట మాత్రం ఆమెకు అన్నం సయిస్తుంది.