జంట నగరాలూ, పిన్ని గారెల డబ్బా

కాంట్రాక్టు ఉద్యోగం చేసిన ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. మెట్రోలో సీటు దొరికినా కూర్చునేదాన్ని కాదు, నిలబడితే త్వరగా చేరతానన్నట్టు. మా ఆఫీసు పని దేశ రాజధాని అయిన మా ఊరికీ, జపాన్‌లోని ఒక ఊరికీ స్నేహం కలపడం. (జంట నగరాలంటే హైదరాబాదూ సికింద్రాబాదూ అనుకునేరు, ఇవి ఒకదాని మొహం ఒకటి చూడని జంట.) అక్కణ్ణించి వచ్చిన బృందంలో ఒక పెద్ద టీచరుగారికి ఊరి చివరి ద్వారక కాలనీలో మా పిన్ని ఫ్లాటుకి పై అంతస్తులో బస ఇచ్చారు. రెండు ఊళ్ళ ఒప్పందం మీద సంతకాల రోజున ఆవిణ్ణి వేళకి తీసుకురావడం నా పని. ఆలస్యమైతే కాంట్రాక్టు పొడిగించేది లేదని మా సార్ ముందే చెప్పేశారు.

పిన్ని నర్సు, బాపట్ల మనిషి. డ్యూటీ దిగగానే స్టీలు డబ్బాలో ఏదో ఒకటి పెట్టి పైకి పంపేది. టీచరుగారు డబ్బా ఖాళీగా తిరిగివ్వరు, బిస్కెట్లో టీ పొడో పెట్టి దించేవారు. దాంతో పిన్ని మళ్ళీ నింపేది. "ఎక్కడో ఒకచోట ఆపు పిన్నీ" అంటే, "ఆవిడంత ప్రేమగా పెట్టిచ్చాక మనం ఊరుకుంటే ఏం బావుంటుందే?" అనేది. పైన ఆవిడా అదే అనుకుంటున్నారని నాకప్పుడు తెలీదు.

సంతకాల పొద్దున టీచరుగారు డబ్బానిండా మిఠాయిలతో వీడ్కోలు చెప్పడానికి దిగారు. "వన్ మినిట్ మేడమ్" అంటూ పిన్ని నూనె మూకుడు పెట్టేసింది. గారెలతో నిండిన డబ్బా అందుకుని, వంగి దణ్ణం పెట్టి, టీచరుగారు కారు వైపు కాక లిఫ్టులో పైకెళ్ళారు. దారిలో ట్రాఫిక్ ఆగిపోయింది, త్వరగా రమ్మని కింద నుంచి డ్రైవరు ఫోను: "మేడమ్, ధౌలా కువాన్ మే జామ్ హై, జల్దీ ఆయియే." సార్ ఫోను: "ఎక్కడున్నారు?" "బయల్దేరాం సార్" అన్నాను (వంటింట్లోంచి). టీచరుగారు డబ్బాతోనే దిగి, బదులుగా ఒక పూల గొడుగు తెచ్చి పిన్ని చేతిలో పెట్టారు. పిన్ని బీరువా వైపు తిరిగింది. చీర బయటికొస్తే ఆవిడ సూట్‌కేసు విప్పక తప్పదు. ఒక చేత్తో డబ్బానీ, ఒక చేత్తో టీచరుగారినీ పట్టుకుని మెట్లమీదుగా పరుగు. "చీర! ఒసేయ్, చీర!" అని పిన్ని బాల్కనీలోంచి కేకలు.

మేం చేరేసరికి సంతకాలు, ఫోటోలు అయిపోయాయి. పెళ్ళిచూపులు బెడిసిన వియ్యాలవారిలా రెండు దేశాల పెద్దలూ బిగుసుకు కూర్చున్నారు. టీచరుగారు డబ్బా తీసి అందరికీ గారెలు పంచారు. అప్పటికి గానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కాంట్రాక్టు మాత్రం పొడిగించలేదు, మా సార్ గారెలకి లొంగే మనిషి కాదు (తినడం బాగానే తిన్నారు). పిన్ని ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చాను. "ఎంత పని చేశానే" అని పిన్ని కూడా ఏడ్చింది. తర్వాత మిగిలిన పిండితో గారెలు వేసింది.

మొన్న మా ఇంటికొచ్చిన చుట్టాలు లిఫ్టు దాకా వెళ్ళాక, ఆగమని వంటింట్లోకి పరిగెత్తాను. చుట్టాల క్యాబ్ ఆగి ఉందని, ఇక వదిలెయ్యమని మా అమ్మాయి ఫోను ఊపుతూ, "మమ్మీ, ఛోడో నా, క్యాబ్ వెయిట్ కర్ రహీ హై" అని గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. దాన్ని చూస్తే ముద్దొచ్చింది, కాస్త జాలీ వేసింది. "ఉండవే, ఒక్క వాయి" అన్నాను.