షెడ్డుకు పోతే వినపడని చప్పుడు

పోయిన నెలలో మా కొత్త కారును సర్వీసుకని తీసుకెళితే, యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి స్టీరింగు కింద ఎక్కడో ఒక వైరు తగిలించి, చేతిలో ఉన్న పలకలాంటి దాన్ని కాసేపు చూసి, బండిలో ఏ లోపమూ లేదు అంకుల్ అని చెప్పేసింది. బానెట్ ఎత్తలేదు, ఇంజన్ స్టార్టు చేసి చెవి పెట్టి వినలేదు. లోపం లేదంటే సంతోషమే గానీ నా మనసెందుకో ఒప్పుకోలేదు, ఇంటికి వచ్చేదాకా అద్దాలు దించుకుని ఇంజను వైపే చెవి పెట్టుకుని నడిపాను. బండి మీద బతికిన మన తరం వాళ్లకు ఈ జబ్బు ఒక పట్టాన పోదు. నాకైతే ఇది ఫలానా రోజుల్లో అంటుకుందని కూడా గుర్తుంది.

తొంభైలలో నేను మదనపల్లెలో బాడుగ కారు నడిపేవాణ్ణి. అంతకుముందు చాలా ఏళ్లు ఒక టమాటా మండీ యజమాని దగ్గర డ్రైవరుగా ఉండి, ఆయన పిలిచినప్పుడు లేచి, ఆయన ఆగమన్నచోట ఆగి, పెళ్లిళ్లకు పోతే అందరూ తిన్నాక చివరి పంక్తిలో కూర్చుని, అలా ఎన్నాళ్లకో నాదంటూ ఒక పాత డీజిల్ కారును తెచ్చుకున్నాను. ఆ రోజు మా ఆవిడ వీధి వీధంతా చక్కెర పంచింది. అమ్మ మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు భాగాన్ని పసుపు నీళ్లతో కడిగి బొట్టు పెట్టింది. ఆనాటి నుంచి బండి ముందువైపు కడగడం అమ్మ పని, మిగతాదంతా నా పని. మా ఇంట్లో అదొక ఒప్పందంలా సాగిపోయింది.

ఒక ఉదయం కురబలకోటలో ఒక కుటుంబాన్ని ఎక్కించుకోవడానికి వాళ్ల ఇంటి ముందు ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉన్నాను. వాళ్లు సంచులు తెస్తూ, మరిచిపోయినవాటి కోసం మళ్లీ లోపలికి పోతూ ఆలస్యం చేస్తున్నారు. అప్పుడు వినిపించింది, డీజిల్ ఇంజను మోత అడుగున సన్నగా, టక్కు టక్కుమని. దిగి బానెట్ ఎత్తితే కింది నుంచి వస్తున్నట్టు ఉంది. రోడ్డెక్కి వేగం అందుకోగానే లేదు. మళ్లీ ఊళ్లోకి వచ్చి నెమ్మదించగానే మొదలు. బండి నడిపేవాళ్లకు చెప్పనక్కరలేదు, ఇంజను అడుగు నుంచి చప్పుడంటే మాకు తోచేది ఒక్కటే, లోపల బేరింగు పోతోందని. బేరింగు పోతే ఇంజను దించాలి, ఇంజను దించి విప్పితే అది మళ్లీ ఎప్పుడు కూడుకుంటుందో ఆ దేవుడికే తెలియాలి, అన్నాళ్లూ ఇల్లు గడవాలంటే నేను మళ్లీ ఆ మండీ గుమ్మం ముందు నిలబడాలి. ఆ గుమ్మం గుర్తొస్తేనే నాకు అన్నం దిగేది కాదు.

మరుసటి రోజు అమ్మతో చెప్పి, పుంగనూరు రోడ్డులో ఉన్న మా మెకానిక్ అన్న షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. నేను ఊపిరి బిగబట్టి ఆయన ముఖమే చూస్తున్నాను. చివరికి కళ్లు తెరిచి, "యాడప్పా సద్దు? గడియారం మాదిరి నడస్తాండాది కదా" అన్నాడు. నిజమే, నాకూ వినపడలేదు. ఇంటికి వచ్చేదాకా లేదు. తెల్లారి బాడుగకు బయల్దేరితే, నేనెక్కడికి పోతానురా అన్నట్టు మళ్లీ టక్కు టక్కు.

ఇలాగే కొన్ని వారాలు జరిగింది. షెడ్డుకు పోయిన ప్రతిసారీ బండి బుద్ధిమంతుడైపోతుంది, బాడుగకు పోతే మళ్లీ మొదటికి వస్తుంది. బాడుగ మధ్యలోనే షెడ్డుకు తిప్పుదామంటే ప్రయాణికులను కూర్చోబెట్టి పోలేం కదా. పుంగనూరులో ఇంకొకరికి చూపిస్తే ఆయనా అదే మాట. మా మెకానిక్ అన్నకైతే నేను వస్తుంటేనే నవ్వు, తనను చూస్తే బండికి భయమేమో, తన ఫోటో ఒకటి స్టీరింగు ముందు పెట్టుకొమ్మని ఎగతాళి. ఎక్కినవాళ్లంతా తలా ఒక రోగం పేరు చెప్పారు, డీజిల్లో కిరసనాయిలు కలిసిందని ఒకరు, ఫ్యాను రెక్క తగులుతోందని ఒకరు. మా ఆవిడ మాత్రం తనకూ వినపడుతోందని చెప్పి నా మతి చలించలేదని ధైర్యం చెప్పింది, ఆ మాట కోసమైనా ఆమెకు నేను రుణపడి ఉన్నాను. అమ్మ దగ్గర మొత్తుకుంటే, "బండి అన్నాక సద్దు సెయ్యదా నాయనా, యాల అంత దిగులు?" అని తేలిగ్గా తీసేసేది.

తంబళ్లపల్లె వైపు ఒక పెళ్లి బృందాన్ని తీసుకుపోతూ, ఎగువ దారిలో నెమ్మదించినప్పుడల్లా ఆ చప్పుడు వింటూ, వెనక పసిపిల్లల నవ్వులు వింటూ, ఈ ఇంజను మధ్య దారిలో పట్టేస్తే వీళ్ల గతేమిటని నాకు చెమటలు పట్టాయి. ఆ పూటే తీర్మానించుకున్నాను, అమ్మేయాలని. కుప్పంలో మా ఆవిడ మేనమామ ఒక బండి కోసం వెతుకుతున్నాడు. చప్పుడు సంగతి దాచకుండా ముందే చెప్పాను. ఆయన ఏమైనా సరే ఒకసారి తెచ్చి చూపించమన్నాడు. బయల్దేరే రోజు ఉదయం అమ్మ ఎప్పటిలాగే బండి ముందు కూర్చుని కడిగింది, లేచేటప్పుడు కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను.

నేనూ మా ఆవిడా బయల్దేరాం. పుంగనూరు దాటాం, పలమనేరు దాటాం, రోడ్డు పక్క టీ అంగడి దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టి చూశాను. చప్పుడు లేదు. ఏ షెడ్డుకూ పోవడం లేదు, ఏ మెకానికూ ఎదురుగా లేడు, అయినా లేదు. నాకు సంతోషం రాలేదు సరికదా, ఇన్నాళ్లూ నన్ను ఏడిపించి ఇప్పుడు పరాయివాడి చేతికి పోయేముందు ఈ మంచితనమేమిటని బండి మీద కోపం వచ్చింది.

కుప్పంలో మేనమామ బండిని స్టేషను వైపు ఒక చుట్టు నడిపి వచ్చి, దిగి నన్ను ఎగాదిగా చూశాడు. "అల్లుడూ, బండికేమీ ల్యా, నీకే ఏమో ఉండాది" అన్నాడు. నిన్న సాయంత్రం వరకూ ఉందని నేను ఒట్లు పెట్టుకుంటుంటే, నా అవస్థ చూడలేక మా ఆవిడ తటపటాయిస్తూ తన సంచిలోంచి ఒక పాత గుడ్డ మూట తీసింది. అందులో నల్లతాడు కట్టిన గుర్రపు లాడం ఒకటి ఉంది. అత్త దీన్ని బండి ముందు నుంచి విప్పి పొద్దున తన చేతికిచ్చిందనీ, బండి పరాయివాళ్లదైపోతే ఇది మనింట్లోనే ఉండాలని దాచమందనీ, నా కంట పడనివ్వద్దందనీ చెప్పింది.

పొద్దున అమ్మ తనతో చెప్పినదంతా అప్పుడు మా ఆవిడ నోట ఒక్కొక్కటీ బయటికొచ్చింది. చప్పుడు మొదలవడానికి కొద్దిరోజుల ముందు గొర్రెల మంద అడ్డమొచ్చి నేను గట్టిగా బ్రేకు వేసి తప్పించుకున్న సంగతి ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను, అది విన్న అమ్మ పుంగనూరులోని తన చెల్లెలి ఇంటికి పోయి ఎవరో పెద్దాయన దగ్గర రక్షగా ఈ లాడం తెచ్చి, ముందు బంపరు వెనక కింది ఇనుప పట్టీకి కట్టింది. నడిపేవాడు చూడకూడదు, పరాయి చెయ్యి తగలకూడదు, అలా అయితే పని చేయదని ఆయన చెప్పాడట. అందుకే నేను షెడ్డుకు పోతున్నానని చెప్పిన ప్రతిసారీ, కడిగే నెపంతో విప్పేసి, మరుసటి ఉదయం మళ్లీ కట్టేది.

లాడాన్ని తిప్పి చూస్తే ఒళ్లంతా తుప్పు, ఒక్క చోట మాత్రం రాసుకుని తళతళలాడుతోంది. నేల మీద పడుకుని బంపరు వెనక చూస్తే పట్టీకి కూడా అంతే మెరిసే మచ్చ. దాన్ని అక్కడే కట్టి స్టార్టు చేశాను. టక్కు టక్కు! ఇన్నాళ్లూ ఏ చప్పుడు వింటే ప్రాణం పోయేదో దాన్ని విని నేను బండి దిగి ఆ మట్టిలోనే చతికిలబడి పగలబడి నవ్వాను, మా ఆవిడ నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. నా బండి నాకే ఉంది, మండీ గుమ్మం తొక్కే పని లేదు, ఆ ఊరట ఎంతటిదో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. "పోప్పా, మీయమ్మ కాపలా కాస్తాండే బండి నాకొద్దు" అని మేనమామ భోజనం పెట్టి పంపాడు.

తిరుగు దారిలో మేమిద్దరం ఒక మాట అనుకున్నాం, అమ్మకు ఏమీ చెప్పకూడదని. బేరం కుదరలేదని మాత్రమే చెప్పాను. మా ఆవిడ లాడాన్ని సైకిలు ట్యూబు ముక్కలో చుట్టి, మట్టి తగలకుండా అని నచ్చజెప్పి అత్త చేతికిచ్చింది. అమ్మ మళ్లీ కట్టింది, నేను ఏళ్ల తరబడి దాన్ని చూడనివాడిలాగే ఉన్నాను. చప్పుడు పోయింది.

అది పోయిన కొన్నాళ్లకు అమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఈ మధ్య నువ్వొచ్చేది తెలీడం ల్యా నాయనా, అప్పుడైతే మలుపు కాడే టక్కుటక్కుమనేది, నేను పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని" అంది. నాకు గుండె దడ పుట్టించిన చప్పుడు విని ఆమె గుండె కుదుటపడేదన్నమాట. ఆ మరుసటి రోజు నుంచి మలుపు దగ్గరికి రాగానే ఒకసారి హారను కొట్టడం మొదలుపెట్టాను, నేను గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ వాకిట్లో ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటాక అమ్మ పోయింది, కొన్నాళ్లకు ఆ బండీ పోయింది. ఇప్పటి కారు ఎంత మెత్తగా వస్తుందంటే గేటు తీసి లోపల నిలిపేదాకా ఇంట్లో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు, ఎక్కడున్నానో ఫోనులోనే చూసుకుంటారు. మంచిదే, ఎవరూ ఎవరి కోసం చెవులు రిక్కించుకుని కూర్చోనక్కరలేదు. అయినా మలుపు రాగానే నా చెయ్యి హారను మీదికి పోతుంది. ఎవరికి కొడతాండావు అని మా ఆవిడ మొదట్లో అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది.