నర్సయ్య తాత అడిగిన రష్యన్ మాట

రష్యాలో డాక్టరు చదువుతున్న మా అక్క బిడ్డ స్రవంతి సెలవులకు సిద్దిపేట వచ్చింది. బడిలో ఇంగ్లిష్ చెప్పే నాకు నోరు ఊరుకుంటుందా? ‘గివ్ అప్’ను అక్కడేమంటారని పొద్దున అడిగాను.

“అన్నిటికి ఒక్క మాట నడ్వదు మామా. సిగరెట్ మానేస్తే విసిరేసిన అంటరు. కొట్లాటల ఓడితే నన్ను నేను అప్పజెప్పిన అంటరు.”

నలభై ఏళ్లు గొల్లభామ బొమ్మల చీరలు నేసిన పక్కింటి నర్సయ్య తాత మాతో చాయ్ తాగుతున్నాడు. “కండ్లు కానరాక నేను మగ్గం ఇడిసిన గద బిడ్డా, గదాన్నేమంటరు?” అన్నాడు.

“గొల్లభామను ఎట్ల నేసేటోడివి తాతా?” అని స్రవంతి ఎదురు ప్రశ్న వేసింది.

ఆయన గ్లాసు కింద పెట్టి, కళ్లు మూసుకుని, గాలిలోనే నేయడం మొదలుపెట్టాడు. లేని పోగులను లెక్కపెట్టి లేపుతూ, లేని రంగుదారాన్ని దూరుస్తూ వేళ్లు కదిలాయి. ముందు పాదాలు, తర్వాత కుచ్చిళ్లు, చివరికి తలమీద చల్లకుండ. మా చాయ్‌లు చల్లారిపోయాయి.

“ఇడిసి ఆరేండ్లాయె” అన్నాడు కళ్లు తెరిచి.

‘గివ్ అప్’ అంటే వదిలేయడం అని ఇన్నేళ్లూ పిల్లలతో రాయించాను. రేపు ఏం రాయించాలో మీరే చెప్పండి.