మూసిన బండిలో మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మేము సాలూరులో ఉండేవాళ్ళం. మా నాన్న లారీలకు బాడీలు కట్టేవాడు. ఇంటి వెనకే షెడ్డు. పొద్దున లేచింది మొదలు రేకు మీద సుత్తి దెబ్బలు వినపడుతూనే ఉండేవి. ఆ ఏడాది మాత్రం అంత చప్పుడులోనూ మా ఇల్లు మూగపోయినట్టుండేది. దానికి కారణం మా అత్త.

అత్త నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పార్వతీపురం అవతల ఒక ఊరికి ఇచ్చారు. అంతకు ముందటి వేసవిలో ఆమె కూతురు పోయింది. ఇంకా మాటలు పూర్తిగా రాని పిల్ల. మా ఇంటికి వచ్చినప్పుడు నా వేలు పట్టుకునే నడక నేర్చుకుంది. జ్వరం వచ్చి పోయిందని మాకు చెప్పారు. అత్తవారింట్లో ఏం గొడవ జరిగిందో పిల్లలకెవరూ చెప్పలేదు గాని, కొన్నాళ్ళకే మా అత్త ఒక పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. వెనక గదిలో గోడకి ఆనుకుని కూర్చునేది. పెడితే తినేది, పిలిస్తే తలెత్తేది. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తకూడదని అమ్మ నాకు గట్టిగా చెప్పింది.

మళ్ళీ ఎండలు ముదిరేసరికి నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఎవరో తుక్కు కింద వదిలేసిన పాత వ్యాను ఒకటి షెడ్డులో పడి ఉండేది. దాన్ని బాగుచేసి, పైన రేకుతో ఇల్లులాంటి బాడీ కట్టాడు. లోపల పడుకోవడానికి చెక్క బల్లలు, గిన్నెలకి అర, గడియ పెట్టుకునే తలుపు. ఇప్పుడు కేరవాన్ అంటున్నారే, అలాంటిదే. మేము ఇంటిబండి అనేవాళ్ళం. వేసవి సెలవులకి దాంట్లో అరకు వెళ్ళి కొన్నాళ్ళుంటే చెల్లెలి మనసు కుదుటపడుతుందని ఆయన ఆశ. పూర్తయిన రోజున అత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. ఆమె ఎండలో ఉన్న ఆ రేకు మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసుకుంది.

"కిటికీలు సిన్నవన్నయ్యా," అంది.

అన్ని నెలల్లో ఆమె తనంత తానుగా అన్న మాట అదొక్కటే. చెల్లెలు నోరు విప్పిందన్న సంతోషంలో నాన్న ఆ మాటని పట్టించుకోలేదు. "కొండమీద సల్లగానే ఉంటాదమ్మా," అన్నాడు.

ఎస్.కోట దాటాక ఘాట్ రోడ్డులో బండి మూలుగుతూ ఎక్కింది. అమ్మ ఒళ్ళో మా చెల్లి. అప్పటికి అది కూడా ఆ పోయిన పిల్ల ఈడుకి వచ్చింది. అత్త దాని వైపు తిరక్కుండా, కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. అరకు చేరాక, ఊరికి ఎడంగా ఒక గెడ్డ పక్కన, చదునుగా ఉన్న చోట నాన్న బండి నిలిపాడు. గెడ్డంటే మా వైపు కొండవాగు. పొద్దుటిపూట దుప్పటి కప్పుకోవలసినంత చలి. ఎండని సాలూరులో వదిలేసి వచ్చామనుకున్నాం. పొద్దెక్కేసరికి మాత్రం రేకు కాలిపోయేది. లోపల కూర్చోలేక చెట్ల కిందకి పోయేవాళ్ళం.

సంత రోజున నాన్న బియ్యం, కూరలు తేవడానికి నడిచి వెళ్ళాడు. అమ్మ చెల్లికి పాలన్నం తినిపించి, బండి లోపల బల్ల మీద పడుకోబెట్టింది. సంతకి పోయే బళ్ళు రేపే దుమ్ము లోపలికి రాకుండా అద్దాలన్నీ మూసి తలుపు గడియ పెట్టింది. రేకు ఇంకా అంతగా కాగలేదు, ఎండలో తిప్పడం కంటే నీడలో హాయిగా నిద్రపోనివ్వడం మేలనుకుంది. బట్టల మూట నెత్తిన పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని గెడ్డలోకి దిగింది. అక్కడి నుంచి బండి కనపడుతూనే ఉంది. అత్త అప్పటికే నీళ్ళ దగ్గర ఒక రాతి మీద కూర్చుని ఉంది.

సగం బట్టలు ఉతికేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అత్త ఉన్నట్టుండి, "పాప ఏది వొదినా?" అంది.

"బండిలో పడుకుంది. ఎండా, దుమ్మూ తగలకండా అన్నీ మూసీసే వచ్చాను," అంది అమ్మ.

అత్త లేచి పరుగెత్తింది. ఏడాదిగా గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి ఆ రాళ్ళ మీద అలా పరుగెత్తగలదని నేను కలలో కూడా అనుకోలేదు. భయమేసి నేనూ వెనకే పరుగెత్తాను. ఆమె తలుపు తీసేసరికి లోపలి సెగ వచ్చి నా మొహానికి కొట్టింది. చెల్లి బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. ఒళ్ళు ఎర్రగా కందిపోయింది. చెమట చుక్క లేదు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గాని పిలిస్తే పలకలేదు.

అత్త దాన్ని భుజాన వేసుకుని గెడ్డ ఒడ్డున పనసచెట్టు కిందకి తెచ్చింది. గౌను తీసేసి, తన పైట నీళ్ళలో ముంచి, మెడా, చంకలూ, ఒళ్ళంతా తడుపుతూ, "విసురే గుంటా, బేగి విసురు," అని నా మీద అరిచింది. చేతికి దొరికిన నాన్న తువ్వాలుతో విసిరాను. అప్పటికి అమ్మ వచ్చి గొల్లుమంది. చెంబు తీసుకుని పాప నోట్లో నీళ్ళు పొయ్యబోయింది. అత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నోట్లో వద్దొదినా. తెలివి నేదు, పొలమారిపోద్ది. ఒంటి మీద పొయ్యి."

మా కేకలు విని, పైన చోళ్ళు, అంటే రాగులు, వేసే చేనులోంచి ఒక కొండ ఊరి పెద్దావిడ దిగి వచ్చింది. ఎండబెట్టి తొలిచిన తన ఆనపకాయ బుర్రతో నీళ్ళు ముంచి తెచ్చి అమ్మకి అందిస్తూ ఉండిపోయింది. ఎంతసేపు గడిచిందో తెలీదు. చెల్లి ముందు కాలు కదిపింది. తర్వాత సన్నగా మూలిగింది. ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు విని అమ్మ దాన్ని ఎత్తుకోబోయింది. అత్త మాత్రం తడపడం ఆపలేదు.

ఆ పెద్దావిడే ముందు నడిచి దారి చూపిస్తే పాపని ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ముందుగా ఒళ్ళు చల్లబరిచారు కాబట్టి పిల్ల దక్కిందని డాక్టరు అన్నాడు. సంగతి తెలిసి నాన్న సంతలోంచే పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిల్లని చూశాక, వరండాలో నిలబడి ఉన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. బుద్ధుందా అన్నాడు, తల్లివేనా అన్నాడు. అమ్మ తల దించుకుని వింటోంది. అప్పుడు అత్త వాళ్ళిద్దరి మధ్యకీ వచ్చింది.

"వొదిన్ని ఏటీ అనకన్నయ్యా. మాదీ రేకుల గదే. ఆ రోజు వడగాలి కొడతంటే, పిల్లకి తగలకూడదని తలుపులేసి పడుకోబెట్టినాను. నీడే కదా, సల్లగుంటాదనుకున్నాను. నేను చేను నుంచి వచ్చీసరికి..."

గోడ పట్టుకుని, "తిట్టడానికి ఊరంతా వచ్చారు. ముందు సెప్పడానికి ఒక్కరూ నేరు," అంది.

మేము జ్వరమనే అనుకుంటూ వచ్చాం. నాన్న వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. కిటికీలు చిన్నవని చెల్లెలు అన్న సంగతి ఆయనకి గుర్తుకొచ్చే ఉంటుంది. అమ్మ అత్తని పట్టుకుని ఏడ్చింది. అత్త కళ్ళు పొడిగానే ఉన్నాయి.

పాప పూర్తిగా తేరుకునే దాకా ప్రయాణం వద్దన్నారు. ఆ మిగిలిన రోజుల్లో బండి సంగతంతా అత్తే చూసుకుంది. పనసచెట్ల కిందకి జరిపించింది. రేకు మీద వెదుళ్ళు కట్టించి, వాటి పైన దట్టంగా గడ్డి కప్పించింది. గడ్డి రేకుని తాకకూడదని, మధ్యలో జానెడు సందు ఉండాలని, అందులోంచి గాలి పోవాలని నాకు చెప్పింది. ఎదురెదురు కిటికీలు తెరిపించి, గాలి వచ్చే వైపు తడిపిన గోనెపట్టా కట్టింది. పొయ్యి బయటికి మార్పించింది. బండి మధ్యాహ్నం కూడా కూర్చోగలిగేటట్టు చల్లబడింది. అయినా పాపని అందులో ఒంటరిగా వదలనివ్వలేదు.

ఒకరోజు గోనెపట్టా తడుపుతూ, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావత్తా అని అడిగాను.

"ఏటి సేసుంటే బతికేదో అని, కూకుని అదే ఆలోసించినానే ఏడాదంతా," అంది.

ఆ తర్వాత తన కూతురి పేరు పలికింది. అది నాకన్నా మొండిదట, అన్నం దగ్గర నానా తిప్పలు పెట్టేదట. ఆమె ఒక కొస, నేనొక కొస పట్టుకుని ఆ గోనెని పిండాం.

సాలూరు తిరిగి వచ్చాక అత్త మునుపటి మనిషయిందని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. మళ్ళీ ఆ గోడ దగ్గరికే వెళ్ళింది. నాన్న కిటికీలు పెద్దవి చేశాడు గాని, ఆ బండెక్కడానికి ఎవరికీ మనసు రాక చివరికి అమ్మేశాడు. ఎండలు వచ్చినప్పుడు మాత్రం అత్త లేచేది. మిట్టమధ్యాహ్నం వీధుల వెంట తిరుగుతూ, రేకుల ఇళ్ళ తలుపులు తట్టి, లోపల పిల్లలున్నారా అని అడిగేది. పిచ్చిదన్నారు. పిల్లని పోగొట్టుకున్నది మా గుమ్మం తొక్కడమేటని మొహం మీదే తలుపులు వేసినవాళ్ళూ ఉన్నారు. పోయేదాకా ప్రతి వేసవిలోనూ ఆమె అలాగే తిరిగింది.

ఇప్పుడు నేను అరకులోనే ఉంటున్నాను. వేసవి సెలవులకి ఏసీ కేరవాన్లు మా ఇంటి ముందు నుంచే పోతుంటాయి. మొన్నటి ఎండల్లో ఒకటి రోడ్డు వారన ఆగి ఉంది. ఇంజను ఆపేశారు, అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల పసిపిల్ల నిద్రపోతోంది. తల్లిదండ్రులు టీకొట్టు దగ్గర ఉన్నారు. వెళ్ళి చెప్పాను. "ఇప్పుడేగా ఆంటీ ఏసీ ఆపింది, లోపల చల్లగానే ఉంటుంది," అంది ఆ తల్లి, చిరాగ్గానే. నేను కదల్లేదు. ఆమె విసుక్కుంటూ వచ్చి తలుపు తీసి పిల్లని ఎత్తుకునే దాకా ఆ ఎండలోనే నిలబడ్డాను. ముసలావిడకి చాదస్తమని కొట్టు దగ్గర ఎవరో నవ్వారు. అంతా అయిపోయాక తిట్టడానికి వచ్చే జనంలో కలవడం కంటే, ముందే చెప్పి నాలుగు మాటలు పడడం నాకు నయం. మా అత్త దగ్గర నేను నేర్చుకున్నది అదే.