పాపాయమ్మ ఉపవాసం విడిచిన శుక్రవారం

పాపాయమ్మంత పిరికిమనిషిని మా నరసాపురంలో నేను చూడలేదు. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి. అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటూ, కుక్క మొరిగితే సూది కింద పడేసుకుంటుంది. చర్చిలో ఆఖరి వరస ఆవిడది. స్త్రీల సమాజంలో వంతులవారీగా పైకి ప్రార్థన చెయ్యాలి. తన వంతు రాగానే పక్కావిడ చెయ్యి గిల్లి, వంతు ఆవిడకే దాటించేస్తుంది. ఆ గిల్లుళ్లు ఎక్కువగా తిన్నది నేనే. సమాజానికి అధ్యక్షురాలినీ నేనే. ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లల్ని హడలెత్తించిన నోరు, చర్చిలో ఊరుకుంటుందా!

ఈస్టరుకి ముందొచ్చే లెంటు రోజుల్లో శుక్రవారం ఉపవాసాలకి నియమం పెట్టిందీ నేనే. సాయంత్రం ఆరాధన అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. విడిచినవాళ్లు ఆదివారం సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఆ సిగ్గుకి భయపడే సగం మంది కడుపు మాడ్చుకునేవారు. పాపాయమ్మ అలా కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు, జ్వరంలో కూడా. "పైకి ప్రార్థన చెయ్యడం నాకు రాదండి, దేవుడికి నేను ఇవ్వగలిగింది ఇదొక్కటేనండి" అని ఒకసారి నాతో అంది.

ఈ ఏడు లెంటులో మూడో శుక్రవారం, మా అమ్మాయి సారికకి భీమవరం ఆసుపత్రిలో కాన్పయింది. ఆడపిల్ల. బిడ్డ బాగానే ఉంది, తల్లికే రక్తం ఆగలేదు.

"ఓ నెగటివ్ అండి. ఉన్న ఒక్క బాటిలూ ఎక్కించేశాం" అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "రాజమండ్రి నుంచి వచ్చేసరికి మూడు గంటలు పడుతుంది. ఈలోపు ఇంకొకటి కావాలి."

రక్తం కావాలని వెంటనే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో నలభై ఆమెన్లు వచ్చాయి. రక్తం మాట ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు. నాతో వచ్చిన సమాజం ఆడవాళ్లు వరండాలో కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నారు. ఇంతలో వెనక నుంచి ఎవరో నా కొంగు లాగారు.

"టీచరుగారండీ, నాదీ అదేనండి" అంది పాపాయమ్మ. "గర్భసంచి ఆపరేషనప్పుడు చెప్పారు. కానీ సూదంటే నాకు..."

ఆ మాట పూర్తిచెయ్యకుండానే నాతో నడిచింది. రక్తం తీసే పల్లంరాజు ఆవిడ బరువు చూశాడు. నలభై ఆరు కిలోలు. సరిపోతుందన్నాడు.

"ఏం తిన్నారమ్మా?"

"ఏమీ తినలేదండి. ఉపవాసమండి."

"అయితే కుదరదండి, కళ్లు తిరిగి పడిపోతారు. ఏదన్నా తిని, ఓ అరగంట ఆగి రండి."

అప్పటికి టైము రెండున్నర. పాపాయమ్మ క్యాంటీన్ నుంచి రెండిడ్లీలు తెచ్చుకుని వరండాలో కూర్చుంది. మా ఆడవాళ్లంతా కళ్లు తెరిచి చూస్తున్నారు. చట్నీ చీర మీద ఒలికింది. మొదటి ముక్క నోటిదాకా తీసుకెళ్లింది.

అప్పుడన్నాను నేను. నా నోరు పడిపోనూ, అలవాటు కొద్దీ అనేశాను.

"పాపాయమ్మా, ఉపవాసం కదే!"

లోపల నా కూతురికి రక్తం కారిపోతోంది. బయట నేను ఆ మాటన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మొహం నాకే చూసుకోబుద్ధి కాదు.

"తెలుసండి" అంది. కళ్ల నీళ్లు ఇడ్లీలో పడుతున్నాయి. "ఆదివారం నిలబడతానండి. ముందు పిల్లని బతకనివ్వండి." రెండిడ్లీలూ తినేసింది.

ఆ అరగంట ఎంతకీ గడవలేదు. గోడ గడియారం ఆగిపోయిందేమోనని లేచి వెళ్లి చూసొచ్చాను. ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది. పాపాయమ్మ నా చెయ్యి పట్టుకుని, "సూది పెద్దదా అండీ?" అని మూడుసార్లు అడిగింది. చిన్నదేనని మూడుసార్లూ అబద్ధమాడాను.

ఆవిడిచ్చిన బాటిలుతో సారిక నిలదొక్కుకుంది. రాజమండ్రి నుంచి మిగతావి వచ్చాయి. చీకటి పడేలోపు గండం గడిచింది.

ఆదివారం పొద్దున్నే పాపాయమ్మ ఇంటికెళ్లి, నిలబడక్కర్లేదని బతిమాలాను. "నియమం మీరే పెట్టారు కదండీ" అంది. ఎత్తిపొడుపు కాదు, ఆ మనిషికి అది చేతకాదు.

పాట అయ్యాక ఆఖరి వరసలో లేచింది. బెంచీ గట్టిగా పట్టుకుంది.

"శుక్రవారం ఉపవాసం విడిచానండి. ఇడ్లీ తిన్నానండి. క్షమించండి."

ఇరవై రెండేళ్లలో సంఘం ఆవిడ గొంతు వినడం అదే మొదటిసారి. అందరూ నావైపు తిరిగారు. ఒప్పుకున్నవాళ్ల కోసం ప్రార్థన చెయ్యాల్సింది అధ్యక్షురాలే మరి. నేను లేచి ఆఖరి వరసదాకా నడిచి, ఆవిడ పక్కన నిలబడ్డాను.

"ఆ రోజు నేను ఉపవాసం విడవలేదు. పిల్ల చావుబతుకుల్లో ఉంటే, తిన్నావేమని ఈవిణ్ణి అడిగాను. ప్రార్థన కావలసింది నాకు. పాపాయమ్మా, నువ్వే చెయ్యి."

ఆవిడ నా చెయ్యి గిల్లింది.

మళ్లీ గిల్లింది. తలొంచుకుని అలాగే నిలబడ్డాను. చర్చి అంతా ఎదురుచూస్తోంది.

"అయ్యా..." అని కళ్లు మూసుకుని మొదలుపెట్టింది పాపాయమ్మ.