వేళ్ళతో దిగాల్సిన ప్లగ్గు

ప్లగ్గు ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. మిషనమ్మ దాన్ని బయటికి తీసి, చీర కొంగుకి తుడిచి, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. పానా పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. స్పార్క్ ప్లగ్గన్నది ఆఖరి బిగింపు దాకా వేళ్ళకే లొంగాలి. లొంగలేదంటే లోపల ఏదో తప్పుందని అర్థం, మన బలం చాలలేదని కాదు. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తున్న మనిషికి ఈ ముక్క ఒకరు చెప్పక్కర్లేదు.

టార్చి వేసి చూసింది. కారు ఇంజన్ తలకాయలో మరచుట్లు అణిగిపోయి, వాటి మీద బూడిదరంగు పేస్టు ఎండిపోయి ఉంది. జాకెట్టుకున్న పిన్నీసు తీసి గీకితే పెచ్చులుగా రాలింది. ఎవరో ప్లగ్గుని వంకరగా పెట్టి, పొడుగు పానాతో బలవంతంగా దిగ్గొట్టారు. మెత్తటి అల్యూమినియం, ఎంతని తట్టుకుంటుంది? అరిగిపోయిన మరలోంచి గాలి తన్నుకుని రాకుండా పేస్టు పూసి, బానెట్ మూసేశారు.

ఎవరో ఏమిటి, బావే.

పోయిన నెలలో అక్క అంది, "ఇంట్లో మెకానిక్‌ని పెట్టుకుని బండి నువ్వే విప్పుకుంటావా? మీ బావ మొహం ఎలా పెట్టుకోవాలి?" అని. ఆ మొహమాటానికి తాళాలు ఇచ్చింది. అప్పటిదాకా పదకొండేళ్ళు ఆ బండికి అన్నీ తనే చేసుకుంది. ఎడమవైపు తలుపు లోపలినుంచే తెరుచుకుంటుంది, రెండో గేరు కాస్త బుజ్జగిస్తేగాని పడదు, అంతే. వెనక సీటు తీసేసి, స్పాంజి పరిచి, నాలుగు మిషన్లు పసిపిల్లల్లా పడుకోబెట్టుకుని తిరుగుతుంది.

సర్వీసు చేయించిన మూడో రోజు నుంచి ఎత్తు ఎక్కితే చాలు, చుఫ్ చుఫ్‌మంటూ వణకడం. నాలుగింట్లో ఒక సిలిండర్ పనిచెయ్యడం మానేసింది. బావ వచ్చాడు, జేబులో చేతులు పెట్టుకుని నిలబడి విన్నాడు, తీర్పు చెప్పేశాడు. "ఇంజన్ అయిపోయిందమ్మా. నువ్వు గేరు మార్చే తీరుకి ఇన్నాళ్ళు బతకడమే గొప్ప." అక్కడితో ఊరుకున్నాడా, ఇంట్లో అందరి ముందూ అదే పాట. కొనేవాణ్ణి కూడా తనే చూశాడు. ఆమె భర్త తలూపాడు. "అన్నయ్య చెప్పారుగా, అమ్మేద్దాం."

సోమవారం తొమ్మిదింటికి, బాగుచేసిన నాలుగు మిషన్లు యూనిఫాంలు కుట్టే షెడ్డుకి చేరాలి. లేకపోతే ఆ రిపేరు పని మిషన్ల కంపెనీవాళ్ళకి పోతుంది. షెడ్డు సూపర్‌వైజర్ ఆ మాట రెండుసార్లు చెప్పింది. పోయినసారి అద్దె వ్యానులో పంపితే కుదుపులకి ఒక మిషన్‌లో సూది కడ్డీ వంగింది. ఇవాళ ఆదివారం.

వీధి చివర లేత్ పట్టేవాడు కొలత ఒక్కటే అడిగాడు. "లోతెంత?"

"పందొమ్మిది మిల్లీమీటర్లు."

అణిగిన మర స్థానంలో కూర్చునే స్టీలు గొట్టం, బుష్, తయారుచేసి చేతిలో పెట్టాడు. లోపల ప్లగ్గుకి సరిపోయే మర, బయట అంతకంటే లావు మర. రెండోమాట లేదు. అలాంటి మనిషి దగ్గర అయిదు నిమిషాలు నిలబడినా ప్రాణానికి హాయి.

తిరిగొచ్చి మర కోసే ట్యాపు గాడుల నిండా గ్రీజు పట్టిస్తుండగా బావ దిగాడు. "ఏం మరదలా, శవపరీక్షా? సాయంత్రం బేరగాడు వస్తాడు, బండి విప్పి పెడితే ఎలా?"

ఆమె పిన్నీసు ఆయన మొహం ముందు పెట్టింది. చివర పేస్టు పెచ్చు. "ఇదేమిటి బావా?"

"పాతబండన్నాక ఇవన్నీ మామూలే."

"బండి వయసు పధ్నాలుగేళ్ళు. ఈ పేస్టు వయసు నెల."

"మా కుర్రాడెవడో బిగించుంటాడు."

"మీ గ్యారేజీలో మీరొక్కరేగా."

"నీకు కుట్టుమిషన్లు తెలిసినంత మాత్రాన..."

"మర మరే బావా. చేసింది చెప్పుంటే ఆ రోజే బాగుచేసుకునేదాన్ని. నాకు డ్రైవింగు రాదని నలుగురికీ చెప్పారు. ఆ నోరు ఇప్పుడు మూసి, టార్చి పట్టుకోండి."

ఇరవై ఏళ్ళలో ఆమె ఆయనతో అలా మాట్లాడలేదు. ఆయన టార్చి పట్టుకున్నాడు.

ట్యాపు నిటారుగా నిలబెట్టి అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. కోసిన లోహపు రజను గ్రీజుకి అంటుకుంటుంటే బయటికి తీసి తుడవడం, మళ్ళీ గ్రీజు పూయడం, మళ్ళీ దించడం. మర పూర్తయ్యాక ప్లగ్గు లేకుండానే ఇంజన్ తిప్పితే మిగిలిన రజనంతా ఫూమని బయటికి ఊదేసింది. బుష్‌కి వేడికి ఆగే జిగురు పూసి దించింది. అది తెల్లవార్లూ కదలకూడదు.

మిగతా మూడు ప్లగ్గులూ విప్పి తుడిచి, ఒకటి బావ చేతికిచ్చింది. ఆయన అలవాటుగా పానా కోసం చూశాడు. అది ఆమె వీపు వెనక ఉంది.

"వేళ్ళతో."

బావ తిప్పాడు. ప్లగ్గు సాఫీగా, చప్పుడు లేకుండా అడుగుదాకా దిగింది. అప్పుడు పానా ఇచ్చింది. పావుచుట్టు. తప్పయిందని ఆయన అనలేదు, అంటాడని ఆమె అనుకోనూ లేదు.

"మీ బేరగాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. ఇక్కడే, నేను వినేలా."

ఫోన్ చేశాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త కూడా విన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. అన్నయ్య చెప్పిన మాట విన్నాడేగాని, పదకొండేళ్ళుగా బండి నడుపుతున్న పెళ్ళాన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ లెక్క వేరే.

పొద్దున్న నాలుగో ప్లగ్గు వేళ్ళకే దిగింది. తాళం తిప్పితే ఇంజన్ వణుకు లేకుండా అందుకుంది. మిషన్లు ఎక్కించి, రెండో గేరుని బుజ్జగించి, గుంత గుంతకీ ఆగుతూ షెడ్డు చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది.

"బండి పోయిందట, అమ్మేస్తున్నావట?" అంది సూపర్‌వైజర్. "మీ బావ చెప్పాడు."

మిషనమ్మ నాలుగు మిషన్లూ బల్లల్లోకి దించి, బెల్టులు తగిలించింది. సూపర్‌వైజర్ కూర్చుని ఒక్కో మిషన్‌తో పాత గుడ్డముక్క మీద ఒక్కో వరుస కుట్టింది. తిరగేసి చూసింది. నాలుగు వరుసలూ ఒకేలా, తిన్నగా ఉన్నాయి.

మిషన్లు అందినట్టు కాగితం మీద సూపర్‌వైజర్ సంతకం పెట్టింది. కుట్టేవాళ్ళు నలుగురూ వచ్చి కూర్చున్నారు.